గాదె గింజల నుంచి ప్రోటాన్ టార్గెట్ దాకా

గోట్‌హిల్ఫ్ హాగన్ జర్మనీలో నదులు, రేవులు, కాలువల పనులు చూసిన ఇంజనీరు. సన్నటి గొట్టాల్లో నీరు పారే తీరును కొలిచి 1839లో ఆయన తేల్చిన నియమాన్ని ఇంజనీరింగ్ విద్యార్థులు ఇవాళ్టికీ ఆయన పేరు కలిపే చదువుకుంటారు. అదే మనిషి 1852లో బెర్లిన్ అకాడమీ ముందు మరో పరిశోధన పెట్టాడు. ఈసారి విషయం నీరు కాదు, పొడి ఇసుక. పాత్రలో ఇసుక పోస్తూ పోతే అడుగున పడే ఒత్తిడి ఒక హద్దు దాకా పెరిగి అక్కడ ఆగిపోతుందని ఆయన గమనించాడు. అడుగున రంధ్రం పెడితే ఇసుక ఎంత జోరుగా రాలుతుందన్నది పైన ఎంత పోగు ఉందన్న దాని మీద ఆధారపడదనీ, రంధ్రం వెడల్పే దాన్ని నిర్ణయిస్తుందనీ రాశాడు. నీటి విషయంలో ఈ రెండూ చెల్లవు. తొట్టిలో నీళ్లు తగ్గేకొద్దీ కొళాయి ధార సన్నబడటం అందరూ చూసేదే. నీటి నియమాన్ని తన చేతులతో కట్టినవాడే ఇసుక ఆ నియమానికి లొంగదని చెప్పడం విజ్ఞాన చరిత్రలో చిన్న విషయం కాదు. అయినా భౌతిక శాస్త్రం ఆ వ్యాసాన్ని చాలాకాలం పట్టించుకోలేదు.

ఇప్పుడు చైనాలోని లాంజో నగరంలో అణుశక్తి పరిశోధకులు ఒక కొత్త రకం రియాక్టర్ కోసం రూపొందించిన పరికరానికి హాగన్ చూసిన ఆ రెండో లక్షణమే పునాది. దాన్ని గురుత్వాకర్షణతో నడిచే సాంద్ర రేణు ప్రవాహ టార్గెట్ అంటారు. అంటే టంగ్‌స్టన్ మిశ్రలోహపు గోళీలు దట్టమైన ధారగా పైనుంచి కిందికి జారుతుంటే, ఆ ధార మీద ప్రోటాన్లను గుప్పించడం. దీన్ని అణు భౌతిక శాస్త్రం కొత్తగా కనిపెట్టిన వస్తువుగా చెప్పడం పరిపాటి. చరిత్రను దగ్గరగా చూస్తే సంగతి వేరు. ఇది ధాన్యం నిల్వచేసే వృత్తి నుంచి ఆలస్యంగా అందిన ఆస్తి. ఆ వృత్తి నేర్పిన మేలూ, ఆ వృత్తికి తగిలిన దెబ్బలూ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఆ మూలం గింజకూ గింజకూ, గింజకూ గోడకూ మధ్య ఉండే రాపిడి. కాబట్టి ఈ టార్గెట్‌ను తూచాల్సింది న్యూట్రాన్ల లెక్కతో కాదు, గాదెల లెక్కతో. ఈ వ్యాసం వాదన ఇదే.

ముందు ఈ రియాక్టర్ ఏమిటో చెప్పాలి. మామూలు అణు రియాక్టర్‌లో శృంఖల చర్య తనంతట తాను సాగుతుంది. యాక్సిలరేటర్‌తో, అంటే ప్రోటాన్లను మహా వేగానికి తోసే యంత్రంతో, నడిచే వ్యవస్థలో ఇంధనాన్ని కావాలనే కొంచెం తక్కువగా అమరుస్తారు. దాంతో చర్య తనంతట తాను నిలబడదు, బయటి నుంచి న్యూట్రాన్లు అందుతున్నంతసేపే సాగుతుంది. ఆ న్యూట్రాన్లను పుట్టించేది టార్గెట్. 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూసుకొచ్చే ఒక్కో ప్రోటాన్ మందపాటి సీసపు దిమ్మలోకి దిగితే, పగిలిన కేంద్రకాల నుంచి ఇరవైకి పైగా న్యూట్రాన్లు బయటపడతాయి. దీన్నే స్పాలేషన్ అంటారు. యాక్సిలరేటర్ ఆపేస్తే శృంఖల చర్య కూడా ఆగిపోతుంది. ఇలాంటి వ్యవస్థలో థోరియంను ఇంధనంగా మార్చుకోవచ్చు. వాడేసిన ఇంధనంలో వేల, లక్షల ఏళ్లు ప్రమాదకరంగా ఉండిపోయే నెప్ట్యూనియం, అమెరీషియం లాంటి మూలకాలను తక్కువ ఆయుష్షున్న వాటిగా మార్చవచ్చు. నెప్ట్యూనియం-237 సగానికి తగ్గడానికే 20 లక్షల ఏళ్లకు పైగా పడుతుందంటే, ఈ ఆశ వెనక ఎంత బరువు ఉందో తెలుస్తుంది.

ఆశ పాతదే. ఎర్నెస్ట్ లారెన్స్ 1950 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో 60 అడుగుల వ్యాసమున్న శూన్యపు ట్యాంకుతో భారీ యాక్సిలరేటర్ కట్టించాడు. అమెరికాకు యురేనియం చాలదేమోనన్న భయంతో, యాక్సిలరేటర్ న్యూట్రాన్లతో ప్లుటోనియం తయారుచేయాలన్నది ఆయన ఉద్దేశం. దేశంలోనే యురేనియం గనులు బయటపడటంతో ఆ పని అవసరం లేకపోయింది. కెనడాలో చాక్ రివర్ పరిశోధకులు 1960లలో 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, 65 మిల్లీ ఆంపియర్ల ప్రవాహంతో ఒక న్యూట్రాన్ జనరేటర్‌కు ప్రణాళిక వేశారు. 1968లో అది రద్దయింది. నోబెల్ గ్రహీత కార్లో రుబియా 1993 నుంచి సెర్న్‌లో ఎనర్జీ యాంప్లిఫయర్ పేరుతో థోరియం ఆధారిత నమూనాను ప్రచారంలోకి తెచ్చాక ఈ ఆలోచనకు మళ్లీ ఊపిరి వచ్చింది. ఈ మూడు ప్రయత్నాల్లో మొదటి నుంచీ ఎక్కువగా మాట్లాడింది న్యూట్రాన్ల గురించి, యాక్సిలరేటర్ శక్తి గురించి. యాక్సిలరేటర్ వదిలే ప్రోటాన్ ధార, అంటే బీమ్, మోసుకొచ్చే మెగావాట్ల వేడిని టార్గెట్ ఎలా మోయాలన్నది మాత్రం తర్వాత తేల్చుకునే ఇంజనీరింగ్ పనిగా వెనక్కి జరిగింది. చాక్ రివర్ లెక్కలో బీమ్ శక్తి 65 మెగావాట్లు. అందులో అధికభాగం చేయి చాపితే అందేంత చిన్న పరిధిలో వేడిగా దిగుతుంది. ఘనలోహపు దిమ్మ ఏదీ దాన్ని తట్టుకోలేదు కాబట్టి వాళ్లు పారే సీసం, బిస్మత్ మిశ్రమాన్ని ఎంచుకున్నారు. టార్గెట్ల చరిత్ర నిజానికి అక్కడి నుంచే వేడి చరిత్రగా మారింది.

లోహాన్ని నిలబెట్టి చల్లార్చడం ఒక దారి. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో సింక్ అనే న్యూట్రాన్ కేంద్రం సీసం నింపిన జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలను భారజలంతో చల్లబరుస్తూ నడుస్తోంది. లోహాన్నే పారించడం రెండో దారి. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో 2006లో మొదలైన స్పాలేషన్ కేంద్రం, జపాన్‌లోని జె-పార్క్ పాదరసాన్ని ఎంచుకున్నాయి. అదే 2006లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా సింక్‌లోనే మెగాపై అనే ప్రయోగం జరిగింది. సుమారు ఒక మెగావాట్ బీమ్‌ను ద్రవ సీసం, బిస్మత్ మిశ్రమం నాలుగు నెలలు భరించింది. అంతకుముందున్న ఘన టార్గెట్ కంటే దాదాపు 80 శాతం ఎక్కువ న్యూట్రాన్లు ఇచ్చింది. ద్రవలోహం పనిచేస్తుందని ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు. అయినా ఆ ప్రయోగం ముగిశాక సింక్ మళ్లీ ఘన టార్గెట్‌కే వెళ్లింది. న్యూట్రాన్ల సంఖ్య ఒక్కటే టార్గెట్‌ను ఎంపిక చేయదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ద్రవలోహంతో వచ్చే చిక్కులు నిజమైనవి. బిస్మత్ న్యూట్రాన్‌ను మింగి పొలోనియం-210 అవుతుంది. ఆల్ఫా కణాలు వెదజల్లే ఆ పదార్థం సగానికి తగ్గడానికి 138 రోజులు పడుతుంది. ఈలోగా అది లీకైతే శుభ్రం చేయడం మహా కష్టం. వేడి సీసం, బిస్మత్ ఉక్కులోని నికెల్‌ను కరిగించుకుంటాయి కాబట్టి ఉష్ణోగ్రత హద్దు దాటకూడదు. మరోవైపు 125 డిగ్రీలకు దిగువన ఆ మిశ్రమం గడ్డకడుతుంది కాబట్టి చల్లారనివ్వకూడదు. సోవియట్ జలాంతర్గాముల్లో ఇదే మిశ్రమంతో నడిచిన రియాక్టర్లకు ఈ గడ్డకట్టే గుణం పెద్ద తలనొప్పి అయింది. పాదరసంలో ఇంకో ముప్పు బయటపడింది. ఓక్ రిడ్జ్‌లో సెకనుకు అరవై సార్లు, ఒక్కోసారి మైక్రోసెకను కంటే తక్కువ వ్యవధిలో దిగే బీమ్ పాదరసంలో ఒత్తిడి అలను లేపుతుంది. ఆ అల వెనక పుట్టే బుడగలు పగిలినప్పుడల్లా స్టీలు గోడ మీద గుంటలు పడ్డాయి. హీలియం బుడగలను కలిపి ఆ దెబ్బను మెత్తబరచాల్సి వచ్చింది. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. యాక్సిలరేటర్ రియాక్టర్లకు ఎక్కువగా అనుకున్నది ఆగకుండా వచ్చే బీమ్. కాబట్టి పాదరసపు గుంటల కథను ఉన్నదున్నట్టు తెచ్చి ద్రవలోహాలన్నిటి మీదా రుద్దడం సరికాదు. పొలోనియం, తుప్పు, గడ్డకట్టడం మాత్రం ఎక్కడికీ పోవు.

ఘనాన్ని ఘనంగానే ఉంచి కదిలించడం మూడో దారి. స్వీడన్‌లోని లుండ్‌లో కడుతున్న యూరోపియన్ స్పాలేషన్ సోర్స్ సుమారు రెండున్నర మీటర్ల వ్యాసమున్న టంగ్‌స్టన్ చక్రాన్ని తిప్పుతూ, హీలియంతో చల్లబరుస్తూ బీమ్‌ను ప్రతిసారీ కొత్తచోట తగలనిచ్చే పద్ధతి ఎంచుకుంది. ఘనాన్ని ముక్కలు చేస్తే ఏమవుతుందన్న ఆలోచన కూడా పక్కనే సాగింది. సెర్న్‌లో పీటర్ సీవర్స్ న్యూట్రినో పరిశోధన కోసం చిన్న టాంటలం గోళీలను పేర్చి, మధ్యలో హీలియం పంపే టార్గెట్‌ను ప్రతిపాదించాడు. ఇంగ్లండ్‌లోని రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాల బృందం టంగ్‌స్టన్ పొడిని వాయువుతో గొట్టాల్లో పారించి చూసింది. గోళీ చిన్నదైతే ఒక లాభం లెక్కలోనే కనిపిస్తుంది. లోపల సమంగా వేడెక్కే గోళీలో నడిమికీ పైపొరకీ మధ్య ఉష్ణోగ్రత తేడా దాని వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పదో వంతైతే ఆ తేడా నూరో వంతవుతుంది. దిమ్మను పగులగొట్టే వేడి ఒత్తిడి గోళీని ఏమీ చేయలేదు. ఇంకో లాభాన్ని తూకంలో చూడవచ్చు. ఒకే సైజు గోళీలను మామూలుగా పోస్తే అవి స్థలంలో సుమారు 60 నుంచి 64 శాతమే నింపుతాయి. టంగ్‌స్టన్ సాంద్రత 19.3. అందులో 60 శాతం తీసుకుంటే 11.6 వస్తుంది. సీసం సాంద్రత 11.3. అంటే సందులున్న టంగ్‌స్టన్ గోళీల కుప్ప ప్రోటాన్‌కు సీసమంత చిక్కగా అడ్డుపడుతుంది. పైగా 3,400 డిగ్రీల దాకా కరగదు.

ఇక్కడి దాకా వచ్చినది అణు విజ్ఞానం. ఆ కుప్పను పారించాలంటే మాత్రం ధాన్యం దగ్గరికి వెళ్లక తప్పలేదు. 1842లో అమెరికాలోని బఫెలో రేవులో జోసెఫ్ డార్ట్ ఆవిరి యంత్రంతో నడిచే బకెట్ల గొలుసు పెట్టి, పడవల్లోంచి గోధుమలను ఎత్తైన గదుల్లోకి చేర్పించాడు. కూలీల వీపుల మీద బస్తాలుగా కదిలిన గింజ అప్పటి నుంచి విడిగా, ప్రవాహంగా కదలసాగింది. పైకి ఎత్తడం యంత్రం పని, దించడం భూమి పని. ఈ ఏర్పాటు ప్రపంచమంతా పాకేసరికి గదుల ఎత్తు పెరిగింది. ఎత్తు పెరిగితే గోడ మీద ఎంత బరువు పడుతుందో ఎవరికీ తెలియదు. నీటి లెక్క వేసి కట్టినవారు అడుగుభాగాన్ని అనవసరంగా బలంగా, గోడలను ప్రమాదకరంగా బలహీనంగా కట్టారు.

దానికి జవాబు 1895లో బ్రెమెన్ నగరం నుంచి వచ్చింది. హెచ్. ఏ. జాన్సెన్ అనే ఇంజనీరు చతురస్రపు చిన్న నమూనా గాదెలు చేయించాడు. గోడలను అడుగు నుంచి విడదీసి నిలబెట్టి, అడుగు పలకను త్రాసు మీద ఉంచాడు. కొలతలు కొలతలుగా ధాన్యం పోస్తూ, ఎంత పోస్తే త్రాసు ఎంత చూపుతుందో రాసుకున్నాడు. మొదట పోసినంతా త్రాసుకు తెలిసింది. తర్వాత పోసిన దానిలో కొంతే తెలిసింది. ఎత్తు వెడల్పుకు కొన్ని రెట్లయ్యాక ఎంత పోసినా త్రాసు ముల్లు కదలలేదు. మిగతా బరువంతా రాపిడి ద్వారా గోడలు పట్టుకున్నాయి. గింజలు కిందికి నొక్కితే పక్కకూ నెడతాయి, పక్కకు నెట్టిన చోట రాపిడి పుట్టి పైనున్న బరువును మోస్తుంది. జాన్సెన్ దీన్ని చిన్న సమీకరణంగా రాసి, తన కొలతలతో పాటే అచ్చు వేయించాడు. గాదెలు కట్టే ఇంజనీర్లు నేటికీ ఆ సమీకరణంతోనే మొదలుపెడతారు. హాగన్ చూసిన మొదటి లక్షణానికి కారణం అప్పుడు బోధపడింది. రెండో లక్షణానికి మాత్రం ఈ సమీకరణం ఒక్కటే చాలదు, ధార జోరు రంధ్రం పక్కన గింజల నడకను బట్టి ఉంటుంది.

ఆ ధార ఎంతో కొలిచి చెప్పింది కూడా వ్యవసాయ శాస్త్రమే. నెదర్లాండ్స్‌కు చెందిన బెవర్లూ, లెనిగర్, వాన్ డె వెల్డె 1961లో ఇసుకతో పాటు అవిసె, పాలకూర, ఆవ జాతి విత్తనాలను రకరకాల రంధ్రాల నుంచి రాల్చి ఒక సూత్రం ఇచ్చారు. రంధ్రం వ్యాసం నుంచి గింజ వ్యాసానికి సుమారు 1.4 రెట్లు తీసేసి, మిగిలినదాన్ని రెండున్నర ఘాతానికి హెచ్చించి, కుప్ప సాంద్రతతోనూ ఒక స్థిరాంకంతోనూ గుణిస్తే సెకనుకు ఎన్ని కిలోలు రాలుతాయో వస్తుంది. ఆ సూత్రంలో కుప్ప ఎత్తు ఎక్కడా లేదు. మన రైస్ మిల్లు తొట్టిలో వడ్లు సగానికి తగ్గినా కింద ధార అంతే లావుగా ఉండటానికి కారణం ఇదే. పోలిష్ సంతతి ఇంజనీరు ఆండ్రూ జెనికే అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఇదే కాలంలో ఇంకో ముఖ్యమైన తేడాను బయటపెట్టాడు. తొట్టి అడుగు వాలు చాలకపోతే నడుమ గింజలే జారి, అంచుల్లో గింజలు నెలల తరబడి కదలకుండా ఉండిపోతాయి. వాలు నిటారుగా, గోడ నున్నగా ఉంటే మొత్తం కుప్ప ఒక్కటిగా దిగుతుంది. 1964లో ఆయన ప్రచురించిన పుస్తకం తొట్టి ఎలా కట్టాలో గింజ రాపిడిని కొలిచి నిర్ణయించే పద్ధతిని ఇచ్చింది. గింజ మూలన ఉండిపోతే ముక్కిపోతుంది. టార్గెట్‌లో గోళీ బీమ్ దారిలో ఉండిపోతే క్షణాల్లో కాలిపోతుంది. కాబట్టి జెనికే పద్ధతి ఇక్కడ తప్పనిసరి.

ఈ నేపథ్యంలో చైనా ప్రయత్నాన్ని చూడాలి. చైనీస్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2011లో యాక్సిలరేటర్ వ్యవస్థల మీద పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. లాంజోలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మోడరన్ ఫిజిక్స్ నుంచి యాంగ్ లే, జాన్ వెన్‌లాంగ్ 2015లో ఈ రేణు ప్రవాహ టార్గెట్ భావనను ప్రకటించారు. పైనున్న గది నుంచి గోళీలు బీమ్ గొట్టం చుట్టూ దిగి, దాని చివర కలిసి కుప్ప అవుతాయి. ఆ కుప్ప మీద ప్రోటాన్లు దిగుతాయి. వేడెక్కిన గోళీలు అడుగు రంధ్రం గుండా జారి, బయట చల్లారి, జల్లెడలో వడకట్టాక మళ్లీ పైకెక్కుతాయి. బఫెలో రేవు ఏర్పాటుకూ దీనికీ రూపంలో తేడా లేదు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని హుయిజోలో 2021లో పనులు మొదలైన సియాడ్స్ అనే కేంద్రానికి అనుకున్న బీమ్ 50 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, 5 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 మెగావాట్లు. ఇంత శక్తి గోళీల మీద పడితే ఏమవుతుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. కిలో టంగ్‌స్టన్ ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 134 జౌళ్లు కావాలి. గోళీలు సగటున 300 డిగ్రీలు వేడెక్కనిస్తే కిలోకు 40 కిలోజౌళ్లు మోస్తాయి. 2.5 మెగావాట్లు మొత్తం వేడిగా దిగిందనుకున్నా సెకనుకు 62 కిలోలు పారితే చాలు. 5 మిల్లీమీటర్ల గోళీలు అనుకొని బెవర్లూ సూత్రంలో పెడితే సుమారు పదిన్నర సెంటీమీటర్ల రంధ్రం వస్తుంది. పంపు లేకుండా, వాల్వు లేకుండా, పాలకూర విత్తనాలతో తేలిన సూత్రం ఒక రియాక్టర్ టార్గెట్ కొలతను అంచనా వేసి ఇస్తోంది. పైకెత్తే యంత్రం కాస్త తడబడి పై గదిలో గోళీలు తగ్గినా, అడుగంటనంత వరకు బీమ్ దారిలో ధార మారదు. రక్షణ దృష్టితో చూస్తే దీని విలువ చాలా పెద్దది.

అడ్డుపడదా అన్నది మొదటి అభ్యంతరం. రంధ్రం దగ్గర గింజలు కమాను కట్టి ఆగిపోవడం గాదె నడిపే ప్రతివారికీ తెలుసు. రంధ్రం గింజకు అయిదారు రెట్ల కంటే చిన్నదైతే ఆ ముప్పు ఎక్కువ, అంతకు మించి పెరిగేకొద్దీ అది చాలా త్వరగా తగ్గుతుంది. పై లెక్కలో రంధ్రం గోళీకి ఇరవై రెట్ల పైనే ఉంది. ఒకే సైజు నున్నటి గోళీలతో, పొడి వాతావరణంలో, ఆ నిష్పత్తి దగ్గర అడ్డుపడటం అసలు భయం కాదు. ధార ఆగిందని తెలిస్తే బీమ్‌ను ఆపే ఏర్పాటు మాత్రం తప్పనిసరి. అది అన్ని టార్గెట్లకూ వర్తించేదే.

రెండో అభ్యంతరం బరువైనది, దాని వెనక నిజంగా జరిగిన అనుభవం ఉంది. జర్మనీలో గోళాల కుప్పతో రెండు రియాక్టర్లు నడిచాయి. యూలిష్‌లో 1967 నుంచి 1988 దాకా నడిచిన ఏవీఆర్‌లో 6 సెంటీమీటర్ల గ్రాఫైట్ గోళాలు సుమారు లక్ష. 1986లో కరిగే తీగలు అమర్చిన గోళాలను కుప్పలోకి పంపి చూస్తే, లోపల కొన్నిచోట్ల వేడి లెక్కకట్టిన దాని కంటే చాలా ఎక్కువని తేలింది. హామ్ దగ్గర టీహెచ్‌టీఆర్‌లో గోళాలు 6,75,000. అక్కడ నియంత్రణ కడ్డీలను నేరుగా కుప్పలోకి గుచ్చారు. గోళాలు వేల సంఖ్యలో పగిలాయి. నడుమ గోళాలు అనుకున్న దాని కంటే వేగంగా, అంచుల్లోవి నెమ్మదిగా జారాయి. అది 1989లో మూతపడింది. గ్రాఫైట్‌కు గాలిలో ఉండే నున్నదనం పొడి హీలియంలో ఉండదు, రాపిడి పెరుగుతుంది. గదిలో గాలి మధ్య చేసిన ప్రయోగం రియాక్టర్ లోపలి నడకను చెప్పలేదని దీన్నిబట్టి నేర్చుకోవాలి. గోళీల టార్గెట్‌ను సమర్థించేవారు ఈ పాఠాన్ని దాటవేయకూడదు. కాకపోతే రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. ఆ గోళాలు కుప్పలో నెలల తరబడి దాదాపు కదలకుండా ఉండేవి, టార్గెట్ గోళీలు సెకన్లలో దాటిపోతాయి. ఈ కుప్పలోకి ఎవరూ కడ్డీలు గుచ్చరు. జర్మన్ అనుభవం ఈ ఆలోచనను కొట్టేయదు. ఏం కొలవాలో చెబుతుంది.

అసలు అభ్యంతరం మూడోది. అది పొడి. అరిగిన టంగ్‌స్టన్ బీమ్ కింద రేడియోధార్మికమవుతుంది, దాని పొడి గొట్టాల్లో, జల్లెడల్లో, శూన్యపు గదుల్లో చేరుతుంది. పై లెక్క ప్రకారం గంటకు రెండు వందల టన్నులకు పైగా గోళీలు గోడలకూ ఒకదానికొకటీ రుద్దుకుంటూ దిగి, మళ్లీ పైకెక్కాలి. ఒక్కో చుట్టుకు లక్షో వంతు అరిగినా గంటకు రెండు కిలోల పొడి. గోడ బరువు మోస్తుందన్న జాన్సెన్ వరమే ఇక్కడ శాపమవుతుంది. మోసేది రాపిడి, అరగదీసేదీ రాపిడే. ధాన్యం వృత్తికి ఇది కొత్త కాదు. పిండి మిల్లుల్లో, ధాన్యపు ఎలివేటర్లలో గాల్లో తేలిన పొడికి నిప్పంటుకొని జరిగిన పేలుళ్ల చరిత్ర పొడవైనది. 1878 మే 2న మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ మిల్లు పేలి 18 మంది చనిపోయారు. ఆ తర్వాతే మిల్లుల్లో పొడిని పట్టే యంత్రాలు, గాలి మార్గాలు మారాయి. టార్గెట్‌లో ముప్పు పేలుడు కాదు, వ్యాపించే రేడియోధార్మికత. కానీ పొడి పుట్టడం ఖాయమని ఒప్పుకొని, దాన్ని పుట్టినచోటే పట్టే ఏర్పాటు మొదటి నమూనాలోనే ఉండాలన్నది అదే పాఠం. తరచూ జల్లెడపట్టి, పగిలిన గోళీని తీసి కొత్తది వేయగలగడం ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలం. దిమ్మ పగిలితే టార్గెట్ మొత్తం మార్చాలి. ఇక్కడ గోళీ మారిస్తే సరిపోతుంది.

రేణు ప్రవాహానికి నీటికున్నట్టు అందరూ ఒప్పుకున్న సమీకరణం లేదు, అలాంటిదాని మీద అణు యంత్రం ఎలా కడతారని అడిగేవారున్నారు. ఇసుక కదలాలంటే ముందు కాస్త ఉబ్బాలని ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1885లో చూపాడు. బాగ్నోల్డ్ ఎడారి ఇసుక మీద 1941లో పుస్తకం రాశాడు. గింజ గింజనూ కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతిని కండల్, స్ట్రాక్ 1979లో ఇచ్చారు. దట్టమైన ప్రవాహానికి రాపిడి నియమాన్ని ఫ్రాన్స్‌లోని మార్సెయి పరిశోధకులు 2006లో ప్రకటించారు. ఆఖరి మాట ఇంకా మిగిలే ఉంది, నిజమే. అయితే మనుషులు సమీకరణం పూర్తయ్యే దాకా ఆగి గాదెలు కట్టలేదు. కొలిచి కట్టారు, కూలినచోట మళ్లీ కొలిచారు. లాంజో బృందం గ్రాఫిక్స్ ప్రాసెసర్ల మీద గోళీ గోళీనీ లెక్కించడం ఆ సంప్రదాయానికి కొనసాగింపే. ఆ లెక్కలో పెట్టే రాపిడి విలువ ఎక్కడిదన్నదే అసలు ప్రశ్న. వేడి గోళీలతో, శూన్యంలోనో హీలియంలోనో కొలిచిన విలువ కాకపోతే ఎంత పెద్ద కంప్యూటర్ అయినా టీహెచ్‌టీఆర్ పొరపాటునే మళ్లీ చేస్తుంది.

మన దేశానికి ఇది పరాయి ముచ్చట కాదు. భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఉంది. దేశంలోని మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్‌ది పెద్ద వాటా. యాక్సిలరేటర్‌తో థోరియంను వాడుకునే ఆలోచన మీద భాభా అణు పరిశోధన కేంద్రం ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడి ప్రోటాన్ యాక్సిలరేటర్ 2023లో 2 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని అందుకుంది. టార్గెట్ విషయంలో మన పరిశోధన మొగ్గు ద్రవలోహం వైపే. ద్రవలోహానికి ప్రపంచంలో ఎక్కువ అనుభవం ఉంది కాబట్టి ఆ ఎంపికను తప్పుపట్టలేం. బెల్జియం తన మిర్రా రియాక్టర్‌కు సీసం, బిస్మత్ మిశ్రమాన్నే నమ్ముకుంది. కానీ బీమ్ శక్తి పది మెగావాట్ల వైపు పెరిగేకొద్దీ, పొలోనియం లేని, గడ్డకట్టని, ముక్క ముక్కగా మార్చుకోగల పద్ధతిని పక్కన పెట్టడానికి కారణం కావాలి. ఇప్పటి దాకా వినిపించిన అభ్యంతరాల్లో పొడి ఒక్కటే ఆ స్థాయి కారణం. అది వాదనతో తేలేది కాదు, త్రాసుతో తేలేది. వేడి టంగ్‌స్టన్ గోళీలను నిజమైన వాతావరణంలో వేల గంటలు తిప్పి, రాలిన పొడిని తూచి, జాన్సెన్ చేసినట్టే ఆ కొలతలను మంచీచెడూ దాచకుండా ప్రచురించమని ఈ పని చేస్తున్న ప్రతి ప్రయోగశాలనూ అడగాలి. మన వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలల్లో తొట్టెలూ గింజల రాపిడీ చదివినవారిని కూడా ఆ చర్చలో కూర్చోబెట్టాలి.